రేకుడబ్బాలో ఇష్టం

నాగవేణి రక్తపరీక్షకు వచ్చింది గానీ, ఆమె ఇష్టం మాత్రం అత్తగారింట్లో రేకుడబ్బాలో ఉండిపోయింది. ఇందులో వింతేమీ లేదు. ఆ గోదావరి లంకల్లో పెళ్ళినాడు అప్పగింతలప్పుడు పిల్ల చేతులు పాలపళ్ళెంలో ముంచి అత్తమామల చేతుల్లో పెడతారు కదా, అప్పుడే పిల్ల ఇష్టం పాల మీద మీగడలా తేలుతుంది. అత్తగారు దాన్ని తీసి నీడన ఆరబెడుతుంది. ఆరితే పూతరేకంత పల్చగా అవుతుంది. ఎండ తగిలితే పాడవుతుందని, కోడలి చేతికి మాత్రం ఇవ్వరు.

తొలి కాన్పుకి పుట్టింటికి వస్తూ నాగవేణి చీరలు తెచ్చుకుంది, సున్నుండలు తెచ్చుకుంది. ఇష్టం తెచ్చుకోవాలని ఆమెకూ తోచలేదు, పంపాలని అత్తగారు అచ్చియ్యమ్మకూ తోచలేదు. తీరా పుట్టింటి ఊరి ఆసుపత్రికి వెళితే, హెచ్చైవీ పరీక్ష మనిషి ఇష్టపడితేనే చేస్తామన్నారు. మంచి రూలే, కాదనడానికి లేదు. పరీక్ష సంగతులు విడమరిచి చెప్పే కౌన్సిలర్ సువార్త చిన్న పళ్ళెం ముందుకు జరిపి, ఇష్టాన్ని అందులో పెట్టమంది.

"తేలేదండి. కానీ నాకు చేయించుకోవాలనే ఉందండి," అంది నాగవేణి.

"అది కోరికమ్మా. ఇష్టం వేరు," అంది సువార్త ఎంతో దయగా.

నాగవేణికి భయంగా ఉంది. భర్త సత్తిబాబు కొబ్బరికాయల లారీ తోలుకుంటూ నెలల తరబడి దేశాలు పట్టి తిరుగుతాడు. ఈమధ్య అతనికి జ్వరం విడవడం లేదు, చొక్కాలన్నీ వదులైపోయాయి. తనకేమైనా ఫరవాలేదు, కడుపులో బిడ్డకి అంటకూడదు. ముందే తెలిస్తే మందులున్నాయని, సరిగ్గా వేసుకుంటే బిడ్డ దక్కుతుందని సువార్తే చెప్పింది. చెప్పి, ఖాళీ పళ్ళెం వైపు చూసింది.

ఫోను చేస్తే అచ్చియ్యమ్మ దానికేం భాగ్యమంది. ఆవకాయ జాడీతో పాటు బస్సు డ్రైవరుకిచ్చి పంపింది. ఆసుపత్రిలో పొట్లం విప్పగానే గదంతా పాలు కాగిన వాసన వచ్చింది. కిటికీ వెలుతురు దానిలోంచి దూరి గోడమీద నీళ్ళలా కదిలింది. వరసలో కూర్చున్న గర్భిణులంతా మాటలు మానేసి, ఎప్పుడో ఎక్కడో చూసినదాన్ని చూసినట్టు చూశారు. ఎవరిది వాళ్ళు తాకితే వెచ్చబడాలి. నాగవేణి తాకితే చల్లగానే ఉంది. మళ్ళీ ఫోను చేస్తే, అయితే పెద్దకోడలు పద్మావతిదయ్యుంటాదని, ఏదైతే ఏంటంటని అచ్చియ్యమ్మ విసుక్కుంది. కోడళ్ళిద్దరివీ ఆవిడ ఒకే డబ్బాలో పెట్టింది. ఏది ఎవరిదో చూడాల్సిన అవసరం ఎన్నడూ పడలేదు మరి.

వచ్చిన ఇష్టాన్ని పరీక్ష చెయ్యకుండా తిప్పి పంపే పద్ధతి ఆసుపత్రిలో లేదు. నాగవేణి చేతినుంచే రక్తం తీశారు. జబ్బు ఉందని తేలింది. ఇష్టం పద్మావతిది గనక జబ్బు కూడా పద్మావతిదే అయింది. ఫలితం గుట్టుగా ఉంచాలి, ఇష్టం ఎవరి దగ్గరుంటే వాళ్ళకే చెప్పాలి. కాబట్టి అచ్చియ్యమ్మకు చెప్పారు. పని అయిపోయిన ఇష్టమూ, పద్మావతి పేరన మందులూ అదే బస్సులో తిరిగి వెళ్ళాయి.

"మరి నా బిడ్డ సంగతేంటండి?" అని అడిగింది నాగవేణి.

"మీకింకా పరీక్ష అవలేదు కదమ్మా. మీది రానివ్వండి."

అచ్చియ్యమ్మ మళ్ళీ డబ్బా మూత తియ్యలేదు. ఒకటి పంపినందుకే పరువు గంగలో కలిసిందని, పద్మావతిని గడప దాటించింది. పద్మావతి మొగుడు అరుగు మీద కూర్చుని గోళ్ళు చూసుకున్నాడు. పద్మావతి సంచిలో నాలుగు చీరలు, ఆ మందులు పెట్టుకుని బస్సెక్కి, తిన్నగా నాగవేణి పుట్టింటి దగ్గర దిగింది.

"ఇయ్యి నీయేనే. నా పేరు రాసుందంతే. మింగు," అంది.

నాగవేణి ఏడుస్తూ మింగింది. మాత్రలు పద్మావతి పేరువి గనక, వాటితోపాటు పద్మావతి కలలు కూడా వచ్చేవి. కాలవగట్టున ఆరేసిన చీరలు తెరచాపలైపోయి, ఇల్లు మెల్లగా నీళ్ళమీద కదిలి వెళ్ళిపోతున్నట్టు ఉండేది. ఇంట్లో ఎవరూ ఉండేవారు కాదు. పొద్దున్నే లేచాక ఇద్దరూ ఆ కల గురించే చెప్పుకునేవారు.

ఆడపిల్ల పుట్టింది. పిల్లకీ మందు పోశారు, తర్వాత పరీక్షలన్నీ చేశారు. జబ్బు అంటలేదు. ఆ మాట వినగానే పద్మావతి బావురుమంది.

సత్తిబాబు కూతుర్ని చూడడానికి వచ్చాడు, ఇంకా చిక్కిపోయి. సువార్త అతన్నీ పరీక్షకు రమ్మంది. మగవాళ్ళ ఇష్టం వాళ్ళ జేబులోనే ఉంటుంది. అతను జేబు తడుముకుని, లారీలో మర్చిపోయానండి, ఈసారి తెత్తానన్నాడు. సరేనన్నారు. మగవాళ్ళ విషయంలో ఆసుపత్రి ఎన్నాళ్ళయినా ఆగుతుంది.

కోడలినీ మనవరాలినీ తీసుకెళ్ళడానికి అచ్చియ్యమ్మ వచ్చింది. జబ్బు పెద్దదానితో పాటే పోయిందని ఆవిడ సంబరం. వీధిలో ఆటో ఆగి ఉంది. లోపల పద్మావతి పిల్లకి పాతచీర చుడుతూ గొంతు తగ్గించింది.

"నువ్వు జన్మంతా మందులు మింగాలంట. నా పేరు మీద ఎన్నాళ్ళిస్తారు? ఆవిడ లేనప్పుడు డబ్బా తియ్యి. తాకితే ఏది వెచ్చబడితే అది నీది."

నాగవేణి పిల్లని అందుకుంది.

"రెండూ చల్లగానే ఉంటే, అక్కా?"

పద్మావతి పిల్ల చుట్టూ చీర అంచు ఇంకోసారి సర్దింది. వీధిలోంచి అచ్చియ్యమ్మ పిలిచింది.