నా ఫయరాబెంట్ పాండిత్యం

పాఠక మహాశయులారా, జీవితం బాగుపడటానికి ఒక్క జర్మన్ నామవాచకం చాలు. క్రియలు అక్కర్లేదు. వ్యాకరణం అసలే వద్దు. నేను ఆ ఒక్క మాటతోనే బాగుపడ్డాను.

నేను లిఫ్టుల కంపెనీలో ఫిర్యాదుల గుమాస్తాని. లిఫ్టులో ఇరుక్కున్నవాళ్ళకు ఓపిక పట్టమని మర్యాదగా ఉత్తరాలు రాయడం నా పని. ఆఫీసు ఐదింటికి మూస్తారు. మా మేనేజరు నోరు మాత్రం మూతపడదు. నేను స్నానంలో ఉన్నా, పళ్ళ డాక్టరు ముందు నోరు తెరుచుకుని ఉన్నా ఆయన ఫోన్ వస్తుంది.

పోయిన నెల కొత్త లిఫ్టు బిగించడానికి ఒక జర్మన్ ఇంజనీరు వచ్చాడు. ఆరు స్క్రూల్లో ఐదు బిగించాడు. ఐదయింది. స్క్రూడ్రైవరు పెట్టెలో పడేసి, "ఫయరాబెంట్" అని నవ్వి వెళ్ళిపోయాడు. మేనేజరంతటివారు కిక్కురుమనలేదు!

మర్నాడు ఇంజనీరును అర్థం అడిగాను. ఆ రోజుకి పని ముగిశాక మనిషికి మిగిలే సమయమట. ఆ మాట అన్నాక ఎవరూ పని చెప్పరట. అక్కడ అందరూ రోజూ వాడే మాటేనట. మరి మనకేదీ?

వారం రోజులు అద్దం ముందు సాధన చేశాను. ఆఫీసులో మొదటిసారి అన్నప్పుడు పక్క సీటాయనకు అందులో 'ఫైర్' ఒక్కటే వినిపించింది. గోడకున్న ఎర్ర సిలిండరు పట్టుకొచ్చి నా బల్లంతా నురగ కొట్టాడు. నాలుగు ఫిర్యాదులు తడిసి ముద్దయ్యాయి, జవాబులు రాసే బాధ తప్పింది. భాషలు నేర్చుకుంటే ఎన్ని లాభాలో చూశారా?

రెండోసారి మేనేజరు ఫోన్ చేసినప్పుడే ప్రయోగించాను.

"ఏమిటది, జబ్బా?" అన్నారాయన.

"జర్మన్ పద్ధతి సార్."

ఫోన్ పెట్టేశారు.

ఆ గర్వంతో ఇంటికొచ్చి, సోఫాలో వాలి, మా ఆవిడకూ ఆ మాట వినిపించాను. ఆవిడ రోజంతా ల్యాబులో రక్తపరీక్షలు చేసి, నాకన్నా పది నిమిషాల ముందే ఇల్లు చేరి, అప్పటికే కూర తరుగుతోంది. అర్థం కూడా వివరించాను. శ్రద్ధగా విన్నది.

"ఆ భాషలో మాటలకి ఆడా మగా ఉంటుందటగా. ఇదేది?"

"పుంలింగం."

"అనుకున్నా."

కత్తి కింద పెట్టింది. చేతులు కడుక్కుంది. వచ్చి నా పక్కన కూర్చుని, ఆ ఇంజనీరుకన్నా స్పష్టంగా "ఫయరాబెంట్" అంది.

"ఇరవై రెండేళ్ళుగా ఈ మాట కోసమే చూస్తున్నానండీ."

గొంతులో ఎగతాళి ఉంటే ఏదో ఒకటి అనేవాణ్ణి. లేదు. లేచి కత్తి అందుకున్నాను.

అప్పటినుంచి సాయంత్రం వంటా గిన్నెలూ నావి. రెండుసార్లు ఉప్పు పడినా ఆవిడ పల్లెత్తు మాట అనదు. పెళ్ళికి ముందు మానేసిన బొమ్మలు మళ్ళీ వేస్తోంది. మొదటిది, పొయ్యి దగ్గర చెమటలు కక్కుతున్న ఒక బట్టతల. పోలిక బాగా కుదిరింది.

నాలోనూ చాలా మార్పు వచ్చింది. ఐదు దాటినా కుర్చీ వదలడం లేదు. పక్క సీటాయన ఫిర్యాదులకు కూడా నేనే జవాబులు రాస్తున్నాను. నిన్న ఏడింటికి మేనేజరు వచ్చి నా భుజం తట్టారు.

"ఈమధ్య మీకు పని మీద శ్రద్ధ బాగా పెరిగిందండీ."

వినయంగా తల వంచుకున్నాను. బల్లమీది ఫోన్లో మా ఆవిడ మెసేజ్ కనిపించింది.

"తొందరేం లేదు, నిదానంగా రండి. గిన్నెలు ఎక్కడికీ పోవు."