వల గీయని బొమ్మ

ఇకమీదట మన మైదానంలో ఆడే సర్కస్‌కు వల కట్టరాదని నగర కళాసంఘం వారు ఏకగ్రీవంగా తీర్మానించారు. కళాభిమానులందరూ హర్షించదగిన సంగతి.

హర్షించనివాడు ఒక్కడున్నాడు. డేరాలో అందరూ అతన్ని వల మనిషి అంటారు. ఊయలల కింద వల బిగించడం, సడలిన ముడులు సరిచూడడం ఇరవై ఏళ్ళుగా అతని పని. ఆరేళ్ళుగా ఆ ఊయలల మీద ఎగురుతున్నది అతని కూతురు. అందుచేత కళ విషయంలో అతనికి కొంత స్వార్థం ఉందని ముందే ఒప్పుకోవాలి.

తీర్మానానికి మూలం ఒక బొమ్మ. నాలుగేళ్ళ కిందట ఒక చిత్రకారుడు డేరాలో ముక్కాలిపీట వేసుకుని పదిహేను రోజులు కూర్చుని, ఈ అమ్మాయి గాలిలో ఉండగా బొమ్మ వేశాడు. మొహం ఆకుపచ్చ. కళ్ళు రెండూ ఒకే చెంప మీద. కింద ఒక మూల డోలు మీద తల వాల్చుకున్న జోకరు. ఎందుకని అడిగితే ఆధునికులు కారంటారేమోనని ఎవరూ అడగలేదు. వల మనిషికి ఆ భయం లేదు.

"వల ఏదండీ?" అన్నాడు.

"అన్ని గళ్ళు ఎవడు గీస్తాడయ్యా? రెండు వరసలకే చెయ్యి పడిపోయింది, చెరిపేశాను," అన్నాడు చిత్రకారుడు మెటికలు విరుచుకుంటూ.

బొమ్మ గ్యాలరీకెక్కింది. విమర్శకులు దాని ముందు నిలబడి కళ్ళు తుడుచుకున్నారు. లేని ఆ వలే ఈ శతాబ్దపు మనిషి చిరునామా అని ఒకాయన రాశాడు. వల లేకపోవడం కాదు, లేకపోవడమే వల అని ఆయన్ని ఖండించి ఇంకొకాయన ఆచార్యుడయ్యాడు.

ఆ తరవాత కళాసంఘం వారు అసలు సర్కస్ చూడడానికి దయచేసి, చాలా నొచ్చుకున్నారు. అది బొమ్మలా లేదు. జోకరు నవ్విస్తున్నాడు. జనం సిగ్గు లేకుండా నవ్వుతున్నారు. మైదానం సంఘానిదే కనుక సంస్కరణ భారమూ వారే నెత్తినేసుకున్నారు. జోకరు డోలు మీద తల వాల్చుకుని కూర్చోవాలి. ఎగిరే అమ్మాయి మొహానికి ఆకుపచ్చ రంగు పూయాలి. వల ఉండరాదు. కాదంటే డేరా ఎత్తేయాలి. కళ్ళు రెండూ ఒకే చెంపకు తెచ్చే విషయం మాత్రం ఉపసంఘానికి నివేదించారు.

వల మనిషి చిత్రకారుడి ఇంటికి పరుగెత్తాడు.

"చెయ్యి నొప్పెట్టి మానేశానని మీరొక్క మాట చెప్పండి బాబూ. నా పిల్ల ప్రాణం."

చిత్రకారుడు అతన్ని జాలిగా చూశాడు. "అప్పుడు నేనూ అలాగే అనుకున్నానయ్యా. విమర్శలు చదివాకే తెలిసింది, ఎందుకు గీయలేదో."

ప్రదర్శన రోజు మేనేజరు వల మనిషి చేతులు పట్టుకుని, మైదానం పోతే అందరం వీధిన పడతామన్నాడు. అబద్ధం కాదు. వల మనిషి కూతురి దగ్గరికి వెళ్ళాడు. ఆమె అద్దం ముందు ఆకుపచ్చ రంగు పూసుకుంటోంది.

"కట్టకు నాన్నా. వాళ్ళందరి తిండీ పోతుంది."

"నువ్వు పోతే నేనేం తిననే?" అన్నాడు. వల భుజాన వేసుకుని బయటికి నడిచాడు.

తెర ముందు కళాసంఘం అధ్యక్షులవారు వేదికెక్కుతున్నారు. రెండు మెట్లూ జారకుండా ఇద్దరు గుమాస్తాలు చెరో రెక్కా పట్టుకున్నారు.

"మహాశయులారా! వల అంటే పిరికితనం! ప్రమాదాన్ని కౌగిలించుకోని కళ కళే కాదు!"

వల బిగించడానికి అరగంట పడుతుంది. ఉపన్యాసం గంట సాగింది. తెర వెనక వల మనిషి ప్రతి ముడినీ రెండుసార్లు లాగి చూసుకోగలిగాడు. కళకు ఉపన్యాసాలు చేసిన మేలు ఇదొక్కటే.

తెర లేచింది. వల కనబడగానే ముందు వరసలు గొణిగాయి. అమ్మాయి ఎగిరింది. చెమటకు రంగు కరిగి కంట్లోకి దిగింది. ఆమె చేతులు అవతలి ఊయల వాడి చేతులకు జానెడు దూరంలో తప్పిపోయాయి. పడింది. వల సాగి, ఆమెను పైకి విసిరింది. లేచి నిలబడి, కళ్ళు తుడుచుకుని నమస్కారం పెట్టింది. వల మనిషికి పోయిన ప్రాణం తిరిగొచ్చింది. గుంజ దగ్గరి ముడి మరోసారి లాగి చూసుకున్నాడు.

చప్పట్లు లేవు. కళ పేరు చెప్పి మోసం చేశారని పెద్దమనుషులు లేచి వెళ్ళిపోయారు. ప్రదర్శన మూలచిత్రానికి తీరని ద్రోహం చేసిందని నివేదిక రాశారు. మర్నాడు డేరా ఎత్తేశారు.

అమ్మాయి బతికి ఉండడంతో కథ చప్పబడిందని మాకు తెలుసు. క్షమించాలి. ఆమె పడిందన్న చోట, వల ఉందని తెలిసి కూడా, ఏ ముడో ఊడకపోతుందా అని మీరు ఎంత ఆత్రంగా తరువాతి వాక్యంలోకి దూకారో మేము గమనించాం. కళాసంఘంలో సభ్యత్వానికి అంతకుమించిన అర్హత అక్కర్లేదు.