మిద్దె మీద గదికి ప్రజాభిప్రాయం

ఫీజులు పెంచేవాళ్లను తిట్టుకునే రోజులు పోయాయి. ఇక మీదట వాళ్లకు దండం పెట్టాలి! ఎందుకంటారా? ఇప్పుడు వాళ్లు మనల్ని అడిగి మరీ పెంచుతున్నారు.

మీలో ఎంతమందిని ఢిల్లీవాళ్లు పిలిచి అభిప్రాయం అడిగారు? మమ్మల్ని అడిగారు. తిరుపతికి దగ్గరలో, విమానాలు దిగే దారి కింద మా ఊరు. అక్కడ ఇంటి మీద గది వేయాలంటే, అది విమానానికి అడ్డం రాదని విమానాల ఆఫీసు సర్టిఫికెట్ ఇవ్వాలి. దానికి ఫీజు ఉంది. ఆ ఫీజును నాలుగింతలు చేద్దామనుకున్నారు. అయిదంతస్తుల హోటలుకైనా, మా ఇంటి మీద ఒక్క గదికైనా అదే రేటు. సమానత్వమంటే ఇదే కదా!

మాకు గది ఎందుకంటే, ఇంట్లో కోడళ్లు ఇద్దరు, వంటిల్లు ఒకటి. పెద్దకోడలు లోకేశ్వరిది కోలారు వైపు. సాంబారులో బెల్లం వేయనిదే ఆమెకు వంట చేసినట్టుండదు. చిన్నకోడలు భానుశ్రీది సత్యవేడు. బెల్లం డబ్బా మూత తీసిన చప్పుడు వింటే చాలు, పుట్టింటికి బ్యాగు సర్దుతుంది. పైన ఇంకో పొయ్యి పెడితే తప్ప ఇల్లు నిలవదని నా భార్య వసంతమ్మ తేల్చేసింది. పాత ఫీజయితే ఎలాగో కట్టేవాణ్ణి.

అభిప్రాయ సేకరణలో ఎన్ని సౌకర్యాలో చూడండి. నోటీసు ఇంగ్లీషులో వేశారు. తెలుగులో వేసుంటే మేం చదివి ఊరికే బీపీ పెంచుకునేవాళ్లం! దాన్ని విమానాశ్రయంలో, టికెట్ ఉన్నవాళ్లు మాత్రమే పోగలిగే గదిలో అంటించారు. అంటే, ఫీజు ఎక్కువని చెప్పదలచినవాడు ముందు విమానం టికెట్ కొనాలి. తీరిక లేనివాళ్లను ఎంత మర్యాదగా తప్పించారో!

మా పక్కింటి ధనంజయ ఆ గదిలోనే నేల తుడుస్తాడు. అందువల్ల మాకు సంగతి తెలిసింది.

"అన్నా, బేస్తవారం మీటింగంట. టిఫిను కూడా ఉండాదంట. నాలుగక్షరాలు చదివినోడివి, నువ్వే మాట్లాడల్ల" అన్నాడు.

"ఏమని మాట్లాడేదిరా?"

"హోటళ్లు వేరే, మన ఇండ్లు వేరే అను. అంతే."

బయల్దేరేటప్పుడు వసంతమ్మ గడపలో నిలబడి, "ఏమయ్యా, ఆ ఒక్క మాట సెప్పకుండా ఇంటికి రావద్దు" అంది.

ఏసీ హాలు. పొంగలి, వడ. తర్వాత ఢిల్లీ అధికారి తెర మీద బొమ్మలు చూపిస్తూ ఇంగ్లీషులో చాలాసేపు చెప్పాడు. ఆ పొంగలికీ ఆ చల్లదనానికీ సగం మంది కళ్లు మూసుకుని శ్రద్ధగా విన్నారు. నేను మాత్రం ఆ ఒక్క మాటను నాలుక చివర పెట్టుకుని కూర్చున్నాను.

ఆఖరున ఆయన ఇంగ్లీషులో ఏదో అడిగాడు. ఎవరూ పలకలేదు. పాపం, ఆయన తెల్లవారుజామునే దర్శనం చేసుకుని, గుండు కూడా చేయించుకున్నాడు. మమ్మల్ని సంతోషపెడదామనుకున్నాడో ఏమో, చేతులు జోడించి, క్యూలో నేర్చుకున్న తెలుగులో, "ఏడుకొండలవాడా, వెంకటరమణా!" అన్నాడు.

ఈ గడ్డ మీద పుట్టినవాడు ఆ మాట విని నోరు మూసుకోగలడా? నిద్రపోతున్నవాళ్లతో సహా హాలంతా ఒక్క గొంతుతో "గోవిందా, గోవింద!" అంది.

పక్కనున్న గుమాస్తా గబగబా ఏదో రాసుకున్నాడు.

"ఏం రాసినాడురా?" అని ధనంజయను అడిగాను. వాడు వెళ్లి కనుక్కొని వచ్చాడు.

"ఈ ఫీజు మీకు సమ్మతమేనా అని అడిగినాడంట అన్నా. అందురూ సంతోషంగా ఒప్పుకున్నారని రాసుకున్నారు."

నేను లేచి, "సార్, ఒక మాట..." అన్నాను. అప్పటికే మైకు ఆపేశారు. అధికారి వచ్చి నా చెయ్యి పట్టుకుని ఊపుతూ "వెరీ గుడ్ వాయిస్!" అని మెచ్చుకున్నాడు. నిజమే. హాల్లో అందరికంటే గట్టిగా అన్నది నేనే. దేవుడి పేరు మెల్లగా పలకడం మా ఇంట అలవాటు లేదు.

"సెప్పినావా?" అంది వసంతమ్మ, నేను ఇంటి గడప తొక్కగానే.

"సెప్పినాను."

"ఏమని?"

"గోవిందా అని."

జరిగిందంతా విన్నాక ఆమె, "స్వామి పేరు సెప్పినావు. నిన్ను అనేదానికి కూడా లేకుండా చేసినారు కదయ్యా!" అని లోపలికి పోయింది.

కొత్త ఫీజు వచ్చింది. మిద్దె మీద గది రాలేదు. పెరట్లో రేకు వేసి, మూడు రాళ్లు పెట్టి, చిన్నకోడలికి వేరే పొయ్యి ఏర్పాటు చేశాను. ఇంట్లో గొడవ తగ్గింది, పొగ పెరిగింది. ఇందులోనూ లాభముంది: సాంబారు రెండు రకాలు!

నిన్న వానకు కట్టెలు తడిశాయి. భానుశ్రీ కొంగుతో కళ్లు తుడుచుకుంటూ, "మామా, ఇంతకీ ఆ ఫీజు పెంచిందెవురు? పొగ మింగినప్పుడల్లా తిట్టుకునేదానికి ఒక పేరన్నా ఉండాల గదా!" అంది.

"ప్రజలమ్మా" అన్నాను.