చివరి కుర్చీలో అత్తగారు

నాటకంలో రాజు వేషగాడు మాట మర్చిపోతే జనం రాజుకేసే చూస్తారు. తెర పక్కన ప్రాణం బిగబట్టి ఆ మాట అందించేవాణ్ణి ఎవరూ చూడరు. అలాంటి ప్రాంప్టర్ ఒకాయన ఉండేవాడు. నాటక సంఘంలో ఆయన్ని గుసగుస అనేవారు. అసలు పేరు అడిగితే ఆయనే కాసేపు ఆలోచించేవాడు.

ఆ పనికి ఒక పద్ధతి ఉంది. గొంతు తక్కువ, నోరు ఎక్కువ. శబ్దం జనం దాకా పోకూడదు, పెదాలు మాత్రం వేషగాడికి ఆమడ దూరం నుంచి కనబడాలి. అది చేసీ చేసీ గుసగుసకి ఇంట్లోనూ అదే అలవాటైంది. ఉప్పు అందుకోమన్నా సరే, ఆవులింతంత నోరు తెరిచి ఊపిరంత శబ్దం చేసేవాడు.

భార్య అదే సంఘానికి వేషాల బట్టలు కుట్టేది. గుడ్డనీ మాటనీ ఒకే ఊపున కత్తిరిస్తుందని ఆవిడకి కత్తెరమ్మ అని పేరు పెట్టారు. ఇంట్లో ముందు గదే ఆవిడ కుట్టుగది. రాజులూ దొంగలూ దేవతలూ అందరూ అక్కడి నిలువుటద్దం ముందు నిలబడి, పొట్టలు లోపలికి లాక్కుని కొలతలిచ్చినవాళ్ళే.

మూడో మనిషి అత్తగారు. నడివయసులో జ్వరం వచ్చి ఆవిడకి చెవులు రెండూ పోయాయి. తల్లీకూతుళ్ళు చేతులతో మాట్లాడుకునేవారు. గుసగుస ఆ చేతుల భాష నేర్చుకోలేదు. "మీ అమ్మకి చెప్పు" అన్న ఒక్క మాట మీదే ఇన్నేళ్ళ కాపురం లాక్కొచ్చాడు. ఆవిడ మాత్రం అల్లుడు పనిచేసిన నాటకం ఒక్కటీ వదిలేది కాదు. ముందు వరసలో గోడవారగా ఉన్న చివరి కుర్చీ ఆవిడది. అక్కణ్ణుంచి చూస్తే వేదిక సగమే కనబడుతుంది. వినబడని మనిషికి నాటకమెందుకు, నా మీద కాపలాకి వస్తోంది అనుకునేవాడు అల్లుడు.

ఇలా ఉండగా సంఘంలో లైట్ల మనిషి ఒక కబురు తెచ్చాడు. ఎక్కడో దూరదేశంలో ఒక నాటకశాల ఉందట. అప్పుడప్పుడే పైకొస్తున్న నాటక కళాకారుల్ని పిలిచి, గదీ తిండీ ఇచ్చి, కొన్నాళ్ళు ఉంచుకుంటారట. చేయాల్సిందల్లా పరిశోధన. నాటకానికి దూరంగా మిగిలిపోయినవాళ్ళని ఎలా కలుపుకోవాలి అన్న విషయం మీద.

గుసగుస తల తడుముకున్నాడు. జుట్టు పోతోంది గానీ, పైకి రావడానికి ఇంకా టైముందన్నమాట అనుకున్నాడు. ఆయన కోరిక పెద్దదేం కాదు. ఒక్కసారి తెర ముందుకి రావాలి. ఎవరో ఒకరు తన మొహం చూసి చప్పట్లు కొట్టాలి. అప్పటిదాకా ఆయన విన్న చప్పట్లన్నీ పక్కవాళ్ళవే.

దూరంగా మిగిలిపోయినవాళ్ళ కోసం దూరం వెళ్ళాలా, ఇంట్లోనే ఉన్నారుగా అని లైట్ల మనిషే దారి చూపించాడు. చెవులు వినబడని మా అత్తగారికి నా చేతులతో నాటకం నేర్పాను, ఆవిడ నా మొదటి శిష్యురాలు అని గుసగుస అర్జీ పెట్టేశాడు. అత్తగారికి చెప్పలేదు. చెప్పాలంటే భార్యకి చెప్పాలి. భార్యకి చెబితే అర్జీ అక్కడికక్కడే రెండు ముక్కలవుతుంది.

తీరా ఆ నాటకశాల నుంచి ఒక పెద్దావిడ, తనే స్వయంగా వచ్చి గురుశిష్యుల్ని చూస్తానని కబురు పంపింది. గుసగుస హడావిడిగా బయటికొచ్చాడు. వసారాలో నిలబడి లైట్ల మనిషికి ఫోన్ చేసి, అటూ ఇటూ చూసి, రహస్యంగా పథకమంతా చెప్పాడు. అత్తగారు ఎదురుగానే కూర్చుని బఠాణీలు ఒలుస్తోంది. ఆవిడకి వినబడదు గదా అని ఆవిడ ఎదుటే నిలబడ్డాడు.

తర్వాత మెల్లిగా కుట్టుగదిలోకి వెళ్ళి, చెవి మిషన్ల కంపెనీ నుంచి ఒకావిడ వస్తోందని భార్యతో చెప్పాడు. మీ అమ్మకి మిషన్ ఊరికే ఇస్తారన్నాడు.

కత్తెరమ్మ సూదిలో దారం ఎక్కిస్తూ, "ఊరికేనా?" అంది.

"ఊరికేనే. కాకపోతే ఆవిడ ఏమడిగినా మీ అమ్మ తల ఊపాలి."

"ఏమడిగినా ఊపాలా?"

"నేను చెవి పట్టుకున్నప్పుడల్లా ఊపితే చాలు."

"ఎప్పుడూ మా అమ్మ ఊసెత్తని మీకు, ఆవిడ చెవుల మీద ఇంత బెంగ ఎప్పణ్ణుంచండీ?"

"అత్తగారంటే తల్లితో సమానం."

"మీ అమ్మతో కూడా మీరు నా చేతే చెప్పించేవారు" అంది కత్తెరమ్మ. అని, తల్లివైపు తిరిగి చేతులు ఆడించింది. అత్తగారు చాలాసేపు అల్లుడికేసి చూసి, తల ఊపింది. బాగానే ఊపింది. గుసగుస ఆ రోజు రెండు ముద్దలు ఎక్కువ తిన్నాడు.

పెద్దావిడ వచ్చింది. లావుపాటి కళ్ళద్దాలు, చిన్న సంచీ. మన మాట నేర్చుకున్న మనిషే, కాకపోతే ఒక్కో మాటనీ గోడకి మేకు కొట్టినట్టు నెమ్మదిగా, విడివిడిగా పలుకుతుంది. ఆవిడని కుట్టుగదిలో కూర్చోబెట్టారు. లైట్ల మనిషి గదిలో ఉన్న ఒక్క దీపాన్నీ గుసగుస మొహం మీదికి తిప్పాడు. ఎన్నాళ్ళకో మొహం మీద వెలుగు పడేసరికి గుసగుసకి తుమ్మొచ్చింది.

కళ్ళద్దాలావిడ అత్తగారికెదురుగా కూర్చుని, "మీ అల్లుడుగారు మీకు నాటకం నేర్పారా?" అని అడిగింది.

గుసగుస చెవి పట్టుకున్నాడు. అత్తగారు తల అడ్డంగా ఊపింది.

దురద కాబోలు అనుకుందేమో అని రెండో చెవి కూడా పట్టుకున్నాడు. అత్తగారు ఇంకాస్త గట్టిగా అడ్డంగా ఊపింది. రెండు చెవులూ పట్టుకుని నిలబడ్డ మనిషిని చూసి, ఈయన ఏం తప్పు చేశాడని కళ్ళద్దాలావిడ కత్తెరమ్మని అడిగింది.

అప్పుడు అత్తగారు నోరు తెరిచింది. తన గొంతు తనకి వినబడదు కాబట్టి వీధిలోకి కూడా వినబడేలా మాట్లాడుతుంది.

"అతను నేర్పలేదమ్మా. నేనే అతని నోరు చూసి నేర్చుకున్నా. ఆ చివరి కుర్చీలోంచి వేషగాళ్ళు సరిగ్గా కనబడరు గానీ, తెర పక్కన ఇతను బాగా కనబడతాడు. పెదాలు చూస్తే చాలు, నాటకమంతా వినబడిపోతుంది. మొన్న వసారాలో ఫోన్లో మాట్లాడింది కూడా వినబడింది."

గుసగుస చేతులు చెవుల మీంచి జారి నోటి మీదికొచ్చాయి. అప్పటికే ఆలస్యమైపోయింది.

అత్తగారు లేచి, కూతురు సగం కుట్టిన రాజు అంగీ పక్కకి తెరలా లాక్కుని, దాని చాటు నుంచి మెడ సాచింది. నుదురు తుడుచుకుంది. ఒళ్ళంతా బిగబట్టి, శబ్దం లేకుండా, ఇంతేసి నోరు తెరిచి మాట అందించింది. అచ్చం గుసగుసే. పక్కన కత్తెరమ్మ ఆ పెదాలు చూస్తూ ఒక్కో మాటా పైకి చెప్పింది. రాజు కొడుకుని దేశం నుంచి వెళ్ళగొట్టే ఘట్టం. "పో కుమారా, నా కళ్ళ ముందు నుంచి పో." వెంటనే అదే ఊపులో, "దున్నపోతా, అటు కాదు, ఎడమ పక్కకి పో."

కళ్ళద్దాలావిడ పడీ పడీ నవ్వింది. అత్తగారు మాత్రం నవ్వలేదు. ఆ దున్నపోతు కూడా నాటకంలోదే అనుకునేదాన్ననీ, తెర పక్కన పనివాడు తనని అన్నేసి మాటలంటున్నా కోప్పడని ఆ రాజు ఎంత మంచివాడో అని చాలాసార్లు ఏడ్చాననీ చెప్పింది.

కళ్ళద్దాలావిడ కళ్ళద్దాలు తీసి తుడుచుకుంది. మూలన మిగిలిపోయిన కుర్చీలోంచి తన నాటకం తనే వెతుక్కున్న మనిషి కోసమే తమ నాటకశాల చూస్తోందనీ, అత్తగారే రావాలనీ, ఆవిడకి గొంతుగా కూతురు కూడా రావాలనీ చెప్పింది. ఈ వయసులో పైకి రావడమేమిటమ్మా అని అత్తగారు అడిగితే, దానికి వయసుతో పని లేదంది.

గుసగుస ఏదో అన్నాడు. ఎవరికీ వినబడలేదు.

"'మరి నేనో' అంటున్నాడమ్మా" అని అత్తగారు వీధి వీధంతా వినేలా చెప్పింది.

లైట్ల మనిషి దీపం ఆర్పేసి, వచ్చిన దారినే జారుకున్నాడు.

కత్తెరమ్మ అంగీ సర్దుతూ, "చెవి మిషన్ ఎందుకండీ మా అమ్మకి, మీ నోరు ఉండగా" అంది.

వాళ్ళు వెళ్ళేముందు అత్తగారే ఒక షరతు పెట్టింది. అల్లుడి నోరు లేనిదే తన పరిశోధన నడవదంది. అందుకని రోజూ సాయంత్రం గుసగుస ఫోన్ని కుట్టుమిషన్‌కి ఆనించి, దాని ముందు నిలబడి ఒక్కో నాటకం అందించేవాడు. అక్కడ ఆయన మొహాన్ని గోడంత చేసి చూపిస్తున్నారని భార్య చెప్పింది. గుసగుస గడ్డం గీసుకోవడం మొదలుపెట్టాడు.

చివరి రోజు ఆ నాటకశాల నిండా చెవులు వినబడనివాళ్ళు కూర్చున్నారు. గుసగుస నాటకమంతా అందించి, చెమట తుడుచుకుని చూశాడు. చప్పట్ల చప్పుడు లేదు. అందరూ రెండు చేతులూ పైకెత్తి గాలిలో ఆడిస్తున్నారు. పో, పో అన్నట్టే ఉంది.

ఆయన మొహం మాడిపోయింది. ఈసారి మాత్రం తెలివిగా ఫోన్‌కి వీపు తిప్పి, నిలువుటద్దం వైపు తిరిగి, కసి తీరా గొణుక్కున్నాడు.

"చప్పట్లండీ అవి" అంది ఫోన్లోంచి కత్తెరమ్మ. "వినబడనివాళ్ళు అలాగే కొడతారు. అన్నీ మీకే."

గుసగుస గిరుక్కున తిరిగాడు. గాలిలో ఆడుతున్న ఆ చేతుల్ని చాలాసేపు చూశాడు. ఒకసారి వంగి దణ్ణం పెట్టాడు. ఎలా పెట్టాలో తెలియక రెండోసారి కూడా పెట్టాడు.

"ఇంకో మాటండీ. మీ వెనక అద్దంలో మీ మొహం బాగానే కనబడిందట. అమ్మ అడుగుతోంది, ఆ 'ముసలి నక్క' ఏ అంకంలోదీ అని."