కలుబా భుజంలో నల్ల చీలిక

కిట్వే ఆసుపత్రిలో స్కానింగ్ నేర్చుకుంటున్న చిసెంగా పొద్దున్నే మోకరిల్లి దేవుణ్ణి ఒకే ఒక్కటి అడిగింది: ఈ రోజు చెయ్యి వణక్కూడదు. లుసాకా నుంచి పరీక్ష పెట్టడానికి ముదెండా మేడమ్ వస్తున్నారు. ఆవిడ ముందు ఒక ఆరోగ్యమైన భుజాన్ని స్కాన్ చేసి, లోపల ఏది ఏమిటో చూపించాలి. నెగ్గితే భుజాల స్కాన్ చిసెంగా చేతికి వస్తుంది. ఓడితే కొత్త మిషన్ వేరే ఊరికి వెళ్ళిపోతుంది, కిట్వే గనుల్లో భుజాలు అరగ్గొట్టుకున్నవాళ్ళు ఎప్పటిలాగే లుసాకా బస్సెక్కాలి.

భుజం కోసం వెతుక్కునే పని లేదు. తమ చర్చిలో డోలు వాయించే కలుబా ఉన్నాడు. డబ్బా నిండా విటుంబువాలు, వేడి వేడి పిండి బోండాలు, వేయించి తెస్తానంటే వెంటనే ఒప్పుకున్నాడు. మేడమ్ రాకముందే ఒకసారి చూసుకుందామని అతన్ని స్టూలు మీద కూర్చోబెట్టింది.

"బస్టాండులో పర్సు పోతుందేమోనని వెనకజేబు మీద చెయ్యి పెట్టుకుంటావు చూడన్నా, అలా పెట్టు."

"నా జేబులో ఏముందని పోవడానికి? విటుంబువాలు ఇంకా డబ్బాలోనే ఉన్నాయిగా."

చిసెంగా జెల్ రాసి హడావుడిగా ప్రోబ్ ఆనించింది. కండరాన్ని ఎముకకు కట్టి ఉంచే తాడు తెర మీద తెల్లగా మెరవాలి. మధ్యలో నల్లటి చీలిక కనిపించింది.  ఆమెతోపాటే శిక్షణలో ఉన్న సియామే పక్కనుంచి తొంగిచూశాడు.

"అయ్యబాబోయ్, తెగిపోయిందక్కా!"

"నోర్ముయ్, సియామే!"

అప్పటికే ఆలస్యమైపోయింది. కలుబా జెల్ కారుతున్న భుజంతోనే లేచి గోడకు ఆనుకున్నాడు. నిన్న సాయంత్రం దాకా డోలు మోగించిన చెయ్యి చూస్తుండగానే వేలాడిపోయింది.

"ఇంకొక్కసారి చూడనీ, అన్నా."

"ముట్టుకోకు తల్లీ. మిగిలిన పోగులైనా ఉండనీ."

బాగున్న చేత్తో భార్యకు ఫోన్ చేశాడు. తాడు తెగిందని అతనంటే, చెయ్యి పడిపోయిందని ఆమె పక్కింట్లో చెప్పింది. ఆ కబురు చర్చిలో పాడే అమ్మల దగ్గరికి చేరేసరికి డాక్టర్లు ఆ చెయ్యి తీసేస్తున్నారు. అమ్మలందరూ ఆదివారపు తెల్ల జాకెట్లు తొడుక్కుని, గిన్నెలో న్షిమా ముద్ద పట్టుకుని వచ్చేశారు. ఒకావిడ నడుముకు చుట్టుకున్న చితెంగే గుడ్డ విప్పి అతని చేతిని మెడకు కట్టేసింది. తరవాత వరండాలో ప్రార్థన మొదలైంది.

వాళ్ళను తప్పించుకుంటూ ముదెండా మేడమ్ లోపలికి వచ్చారు. చితెంగే వైపు చూశారు.

"ఇదేనా ఆరోగ్యమైన భుజం?"

"పొద్దున్న దాకా ఆరోగ్యంగానే ఉందండి."

"మరేమైంది?"

"స్కాన్ చేశానండి."

చీలిక సంగతి సియామే చెప్పాక మేడమ్ కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. "సరే. తెగినదైతే తెగినదే చూపించు. అదీ పరీక్షే."

కానీ కలుబా చెయ్యి కదపనంటున్నాడు. చెయ్యి కదపకుండా భుజం చూడటం కుదరదు. చిసెంగా ఖాళీ తెర వైపు చూసింది. నిజంగానే తెగిందా, తనే తప్పు చూసిందా? తెగి ఉంటే పాపం కలుబా. తెగకపోతే పాపం తను. ఏది కోరుకోవాలో కూడా ఆమెకు తెలియలేదు.

ఇంతలో వరండాలో పాట అందుకున్నారు. డోలు లేని పాట. ముందువరస పరిగెత్తుతోంది, వెనకవరస ఈడుస్తోంది. కలుబా మొహం చిట్లించాడు. పాదం ఆడించాడు.

"తప్పుతున్నారు," అని గొణిగాడు. "ఈ శనివారం పోటీ పెట్టుకుని ఇలాగేనా పాడేది!"

పాట ఇంకా జారింది. అతనిక ఆగలేకపోయాడు. చితెంగేలోంచి చెయ్యి లాగేసి, తలకంటే పైకెత్తి, విటుంబువాల డబ్బా మీద దబదబా వాయించాడు. బయట పాట దారిలో పడింది.  కలుబా తన చేతిని తనే ఎవరిదో అన్నట్టు చూసుకున్నాడు.

"నొప్పిగా ఉందా?" అన్నారు మేడమ్.

"చూసుకోలేదండి."

అడక్కుండానే స్టూలు మీద కూర్చుని వెనకజేబు మీద చెయ్యి పెట్టాడు. ఈసారి చిసెంగా చిటికెనవేలు అతని భుజానికి ఆన్చి, ప్రోబ్ నిటారుగా నిలిపింది. తాడు ఈ చివర నుంచి ఆ చివర దాకా తెల్లగా మెరిసింది.

"మరి పొద్దుటి చీలిక?" అని మేడమ్ అడిగారు.

"మిషన్ వేడెక్కి ఉంటుందండి," అని సియామే అందించాడు.

ఆ అబద్ధం చాలా సుఖంగా కనిపించింది. చిసెంగా ఒక్క క్షణం కళ్ళు మూసుకుంది.

"మిషన్ కాదండి. నా చెయ్యి వాలింది." ప్రోబ్ కాస్త వంచింది, తెర మీద చీలిక పడింది. నిలబెట్టింది, పోయింది.

"అది చూపించమని నేనే అడగాలనుకున్నాను," అన్నారు మేడమ్. "నెగ్గావు. భుజాన్ని భయపెట్టకుండా చూడటం కూడా నేర్చుకో."

తలుపు తోసుకుని అమ్మలు లోపలికొచ్చారు. "హల్లెలూయా! అతుక్కుంది!"

"అమ్మా, అసలది తెగనేలేదు."

"తెగనిదాన్నే అతికించాడంటే దేవుడు ఎంత గొప్పవాడే!"

 చిసెంగా పొద్దున్న చెయ్యి వణక్కూడదనే అడిగింది. వాలకూడదని అడగలేదు. ఆ తేడా పైనున్నవాడు కూడా చూస్తాడా అని ఆలోచిస్తూ జెల్ తుడుచుకుంది.

సోమవారం స్కాన్ గది ముందు అమ్మలు బారులు తీరారు. అందరికంటే పెద్దావిడ జాకెట్టు భుజం జరుపుతూ అంది: "మాకూ కలుబాకి చేసినట్టే చెయ్యమ్మా. ముందు తెగినట్టు చూపించి, తరవాత అతికించు."

మొదటి సగం చిసెంగాకు బాగానే వచ్చు.