అడుగున పెట్టిన ఫైలు

అప్పులవాళ్ళకి భయపడి వీధి మారినవాళ్ళని చూశాం, ఊరు మారినవాళ్ళని చూశాం. పన్ను కట్టాల్సొస్తుందని ఏకంగా దేశమే మారిన మహానుభావుణ్ణి చూడాలంటే మాత్రం సర్దుబాటు ఇంటికి వెళ్ళాల్సిందే. అసలు పేరు వేరే ఉందిగానీ, ఎవరేమడిగినా "ఏదోటి సర్దుబాటు చేద్దాం లెండి" అని అనీ అనీ అదే పేరైపోయింది.

సొంత దేశంలో ఆయనకి కర్టెన్ల దుకాణం ఉండేది. కొన్నవాళ్ళ దగ్గర పన్ను పైసాతో సహా వసూలు చేసేవాడు. దాన్ని ప్రభుత్వానికి కట్టడం మాత్రం నాలుగేళ్ళపాటు మర్చిపోయాడు. నోటీసులు గుమ్మందాకా వచ్చేసరికి దుకాణం మూసి, భార్యతో విమానమెక్కాడు. "మధ్యలో ఇంత సముద్రముంది. ఈదుకుంటూ వస్తారా ఏం?" అన్నాడు.

వచ్చినా ఆయనకేం? దుకాణం లైసెన్సు ఆయన పేరున లేదు. "నీ చెయ్యి మంచిది" అని పొగిడి భార్య పేరున తీసుకున్నాడు. అందుకని బాకీ కూడా ఆవిడ పేరునే ఉంది. పాస్‌పోర్టు గడువు తీరి ఎంబసీలో కొత్తది అడిగితే, "ముందు మీ బాకీ సంగతి తేల్చుకోండమ్మా" అని పంపేశారు. అది జరిగి ఆరేళ్ళయింది. ఆరేళ్ళుగా ఆవిడ తన అక్కయ్య మొహం చూడలేదు.

తల్లి పోయాక ఆవిడని పెంచింది ఆ అక్కయ్యే. ఇప్పుడు రెండు కిడ్నీలూ పాడై మంచం పట్టింది. వారానికోసారి ఫోన్ చేసి, "ఒక్కసారి కనపడి పోవే" అంటుంది. ఆ మాట వినగానే సర్దుబాటు "కొళాయి కారుతున్నట్టుంది" అంటూ వంటింట్లోకి జారుకుంటాడు. ఆ ఇంట్లో కొళాయి ఏనాడూ కారలేదు.

ఇక్కడ ఆయన హోటళ్ళకి కర్టెన్లు కుట్టే ఫ్యాక్టరీలో మిషను తొక్కుతున్నాడు. ఆవిడ మూడేళ్ళుగా పొద్దున్నే వెళ్ళి ఒక ఆఫీసు తుడిచి వస్తుంది. ఏ ఆఫీసని ఆయన ఒక్కనాడూ అడగలేదు.

ఒకరోజు ఆవిడ తిరిగొచ్చి, కోటైనా విప్పకుండా మంచం అంచున కూలబడింది.

"నా ఫైలు వచ్చిందండీ."

"ఏ ఫైలు?"

"పన్ను ఫైలు. నేను తుడిచే ఆఫీసుకే వచ్చింది. నా పేరు, నా సంతకం, మన దుకాణం ఫోటోతో సహా ఉంది."

"నువ్వు తుడిచేది పన్నులాఫీసా?"

"మూడేళ్ళకి అడిగారు, సంతోషం."

"మరి అక్కడి బాకీతో వీళ్ళకేం పని?"

"రెండు ప్రభుత్వాలూ ఒప్పందం చేసుకున్నాయట. అక్కడి బాకీలు ఇక్కడ వసూలు చేస్తారట."

సర్దుబాటుకి కాళ్ళు చల్లబడ్డాయి. కానీ ఆయన బుర్ర అంత తేలిగ్గా చల్లబడే రకం కాదు. గదిలో మూడుసార్లు తిరిగాడు. గది చిన్నది కావడంవల్ల రెండుసార్లు బీరువాకి గుద్దుకున్నాడు.

"ఫైలు ఎక్కడుంది?"

"గుమాస్తా బల్లమీద. దొంతరలో అన్నిటికన్నా పైన."

"దాన్ని తీసి అడుగున పెట్టెయ్. బల్ల తుడిచినప్పుడల్లా చూసుకుంటూ ఉండు. అలా అలా ఏళ్ళు గడిచిపోతాయి. వాడు రిటైరవుతాడు, మనం బతికిపోతాం."

"అడుగునా? బాగా ఆలోచించుకునే చెప్తున్నారా?"

"ఇందులో ఆలోచించేదేముంది? నీకు తెలీదు, ఊరుకో."

"సరే, మీ ఇష్టం" అని ఆవిడ కోటు విప్పి తగిలించింది. ఇంత తేలిగ్గా ఒప్పుకున్నందుకు ఆయన అప్పుడే అనుమానపడి ఉండాల్సింది.

ఆ వారమంతా ఆయనకి దివ్యంగా గడిచింది. రోజూ ఆవిడ గుమ్మంలో ఉండగానే "అడుగునేనా?" అనేవాడు. "అడుగునే" అనేది ఆవిడ. "కదిలిందా?" "కదల్లేదు." "చూశావా మరి! బుర్ర ఉండాలోయ్!" అని తన నుదురు తానే తట్టుకునేవాడు. అది కదలకపోవడానికి కారణం గుమాస్తా వారంరోజులు సెలవులో ఉండటమే. ఆ ముక్క ఆయన అడగలేదు, ఆవిడ చెప్పలేదు.

మధ్యలో అక్కయ్య ఫోన్ వచ్చింది. ఈసారి మాట సరిగ్గా రాలేదు. చెల్లెలు గోడవైపు తిరిగి ఏడ్చింది. ఆయన కొళాయి దగ్గర నిలబడి అంతా విన్నాడు. గుండెలో కలుక్కుమన్నమాట నిజమే. కలుక్కుమన్నంత మాత్రాన కదిలే మనిషైతే ఈ కథే లేదు.

సోమవారం ఆయనకి కొత్త ఆలోచన వచ్చింది. పక్క బల్లల మీది ఫైళ్ళు కూడా తెచ్చి దీనిమీద పేరిస్తే ఇక పదేళ్ళదాకా ఎవరికీ చిక్కదు. "ఆ బరువు నువ్వు ఎత్తలేవు, నేనొస్తాను" అన్నాడు. ఆవిడ ఒక్క క్షణం ఆగి, "రండి" అంది. బకెట్టు సాయానికి వచ్చాడని కాపలాదారుకి చెప్పి లోపలికి తీసుకెళ్ళింది.

ఆవిడ వరండా తుడుస్తుంటే ఈయన చంకలో చీపురు పెట్టుకుని ఫైళ్ళు మోశాడు. దొంతర గడ్డందాకా లేచింది. సరిగ్గా అప్పుడే తలుపు తీసుకుని గుమాస్తా వచ్చాడు. నింపాదిగా కోటు తగిలించాడు, నింపాదిగా కళ్ళజోడు తుడుచుకున్నాడు. తన బల్లమీద కొండంత కాగితాలు చూసి కూడా గాభరా పడలేదు. దొంతరని ఒక చేత్తో కాస్త వంచిపట్టి, రెండో చేత్తో అడుగున ఉన్న ఫైలు లాగాడు.

"అది కాదు! పైది! పైది తీసుకోండి సార్!" అని సర్దుబాటు కేక పెట్టాడు. కంగారులో బకెట్టు తన్నాడు. మురికినీళ్ళు గుమాస్తా బూట్ల మీదుగా గది చివరిదాకా పారాయి. ఆయనకొచ్చిన పరాయి భాషంతా కలిపి పాతిక మాటలు. వాటిలో పన్నెండు బేరానికి పనికొచ్చేవి. మిగిలినవన్నీ అక్కడ వాడేశాడు.

గుమాస్తా కాళ్ళు పైకెత్తి కూర్చుని చెప్పాడు. "ముందొచ్చినవాళ్ళు అడుగున ఉంటారండీ. నేనెప్పుడూ అడుగు నుంచే తీస్తాను. అయినా మీరెవరు?"

జవాబు వరండాలోంచి వచ్చింది. ఆవిడ తుడుపుకర్ర గోడకి ఆనించి, చేతులు తుడుచుకుని లోపలికొచ్చింది. "ఈయన మా ఆయన. ఆ ఫైలు నాది" అంది. తర్వాత ఆ దేశపు భాషలో గడగడా మాట్లాడింది. భార్యకి అంత భాష వచ్చని సర్దుబాటుకి ఆరోజే తెలిసింది. ఏమంటోందో అర్థం కాలేదుగానీ, ఆవిడ వేలు రెండుసార్లు తనవైపు తిరగడం, గుమాస్తా తన పేరు అక్షరం అక్షరం అడిగి రాసుకోవడం మాత్రం బాగా అర్థమయ్యాయి.

ఇద్దరూ తిరుగు బస్సెక్కారు. ఆయన పాంటు మోకాళ్ళదాకా తడిసి ఉంది.

"వాడు అడుగు నుంచి తీస్తాడని నీకు తెలుసా?"

"మూడేళ్ళుగా ఆయన బల్ల తుడుస్తున్నాను. తెలీకుండా ఎలా ఉంటుంది?"

"మరి నాకు చెప్పలేదేం?"

"మీరు అడుగున పెట్టమన్నారు, పెట్టాను. మీ మాట నేనెప్పుడు కాదన్నాను?"

ఆయన తడిసిన పాంటు అంచు పిండుకున్నాడు.

"ఇంతకీ వాడికేం చెప్పావ్?"

"ఉన్నదే చెప్పాను. దుకాణం నడిపింది మీరని, డబ్బు తీసుకున్నది మీరని, నేను సంతకాలు పెట్టానని. ఇరవైరోజుల్లో తేలుస్తానన్నాడు." ఆవిడ గిరుక్కున ఆయనవైపు తిరిగింది. "ఇరవైరోజుల పనిటండీ! దీనికోసం ఆరేళ్ళు నన్ను ఇక్కడ కూర్చోబెట్టారు."

ఈసారి ఆయన దగ్గర ఏ సర్దుబాటూ లేదు.

పద్దెనిమిదో రోజున ఉత్తరమొచ్చింది. ఆవిడ పేరు మీద బాకీ తీసేశారు, పాస్‌పోర్టు తీసుకోవచ్చు. బాకీ అంతా ఆయన పేరుకి మార్చారు. నెలనెలా ఆయన జీతంలోంచి కోసుకుంటారు. అది తీరేదాకా, ఎనిమిదేళ్ళపాటు, ఆయన ఈ దేశం దాటడానికి వీల్లేదు.

ఆవిడ టిక్కెట్టు కొన్న రోజున అక్కయ్యకి ఫోన్ చేసింది. సర్దుబాటు అలవాటుగా వంటింటివైపు లేచాడు.

"కూర్చోండి" అని ఆవిడ ఫోన్ స్పీకరులో పెట్టింది. ఆయన కూర్చున్నాడు.

"మరిది కూడా వస్తున్నాడా?" అంది అక్కయ్య. గొంతు దారంలా సన్నగా ఉంది.

"సెలవు దొరకలేదు వదినా" అన్నాడు. భార్య ఆయన మొహంలోకి చూస్తూ కూర్చుంది. ఆయన ఫోన్ దగ్గరికి జరిగాడు. "కాదు వదినా. పన్ను ఎగ్గొట్టాను. నన్ను దేశం దాటనివ్వరు. ఇన్నాళ్ళూ మీ చెల్లెలు రాలేకపోయిందీ నావల్లే."

అవతల అక్కయ్య ఆయాసంగా ఊపిరి తీసుకుంది.

"నాకు ఆరేళ్ళ కిందటే తెలుసయ్యా" అంది. "నీ అంతట నువ్వు చెప్తావేమోనని అడగలేదు. ఇప్పుడు నిన్ను తిట్టడానికి టైము లేదుగానీ, పిల్లని తొందరగా పంపు."

"పంపిస్తాను వదినా" అన్నాడు సర్దుబాటు. తల దించుకునే లేచి, మంచం కిందనుంచి ఆవిడ సూట్‌కేసు లాగి, దుమ్ము తుడవడం మొదలుపెట్టాడు.