సింహంగారి తైలవర్ణ చిత్రం

సూపరింటెండెంటుగారి పెంపుడు కుక్క వ్యక్తిత్వాన్ని తైలవర్ణాల్లో శాశ్వతం చేయాలని ఆ ఇంట్లో ఏకగ్రీవంగా తీర్మానించారు. ఆయన తనను తప్ప ఇంకెవరినీ అడగలేదు కాబట్టి అది ఏకగ్రీవమే. కుక్కను అందరూ సింహం అంటారు. బాధ్యత, బొమ్మలు వేసి బతుకుతున్న మరదలి మీద పడింది.

"ధైర్యం, విశ్వాసం, గాంభీర్యం. మూడూ కళ్లలో కనపడాలమ్మా," అని బావగారు ఆదేశించారు.

మరదలు కొన్నాళ్లు వరండాలో కూర్చుని గమనించింది. సైకిలు మీద పాలు తెచ్చే మనిషిని చూస్తే సింహం గేటు ఊడిపోయేలా మొరిగేది. అదే గేటు ముందు కారు ఆగితే, దిగినవారి బూట్లు నాకేది. దాని విశ్వాసం మాత్రం అచంచలం. బిస్కెట్టు చేయి మారినప్పుడల్లా సక్రమంగా బదిలీ అయ్యేది. ఇక గాంభీర్యం, కుక్కరు కూత వేసేదాకా ఉండేది.

వంగిన నడుం, ఊగే తోక, దయ కోసం పైకెత్తిన కళ్లు. అన్నీ పొల్లుపోకుండా వేసింది.

బొమ్మ చూడగానే సూపరింటెండెంటుగారి భార్య అయిన అక్క పకపకా నవ్వింది. "అచ్చం మీరేనండీ! డైరెక్టరుగారు ఫోన్ చేస్తే ఇలాగే నిలబడతారు!"

"కుక్క బొమ్మ వేయమంటే నా పరువు తీస్తావా?" ఆయన మరదలి మీద మండిపడ్డారు. "సాయంత్రం ఆయన టీకి వస్తున్నారు. ఈలోగా ఆ తోక ఆపు!"

"తోక ఆపితే అది మన సింహం కాదు బావగారూ," అంటూ ఆమె బ్రష్షులు కడిగేసుకుంది.

డైరెక్టరుగారు చెప్పిన వేళకంటే ముందే వచ్చేశారు. బొమ్మ దాచే వ్యవధి లేక సూపరింటెండెంటుగారు చేతులు చాచి దానికి అడ్డంగా నిలబడ్డారు.

"జరగవయ్యా," అన్నారు డైరెక్టరుగారు.

జరిగారు. నడుం దానంతట అదే వంగింది.

డైరెక్టరుగారు బొమ్మను తదేకంగా చూసి ఒక్కసారిగా తొడ చరుచుకున్నారు. "భేష్! మా సెక్రెటరీ! మంత్రిగారి ముందు అచ్చం ఇంతే!" ఆపైన గొంతు సవరించుకుని, నిర్భయమైన కళ జాతికి ఎంత అవసరమో టీ చల్లారేదాకా ఉపన్యసించారు.

"నేనూ అదే అనుకున్నాను సార్," అన్నారు సూపరింటెండెంటుగారు. అక్కాచెల్లెళ్లు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

డైరెక్టరుగారి ఆజ్ఞ మేరకు బొమ్మ ఇప్పుడు ఆఫీసు హాల్లో వేలాడుతోంది. జమాఖర్చుల వాళ్లు అందులో స్టోర్సు వాళ్లను, స్టోర్సు వాళ్లు జమాఖర్చుల వాళ్లను గుర్తుపట్టి కడుపు చెక్కలయ్యేలా నవ్వుతున్నారు. తనను తాను చూసుకున్నవాడు ఇంతవరకూ ఒక్కడూ లేడు.

ఇది చదువుతుంటే మీకూ ఎవరో గుర్తొచ్చే ఉంటారు. పేరు బయటికి చెప్పకండి. పాపం, ఆయన కూడా ఇదే చదువుతూ మిమ్మల్ని తలుచుకుని నవ్వుకుంటున్నాడు.